మొగలిలంకలో నీరు తగ్గలేదు

మా డైరెక్టరు పురంధర్‌గారు విదేశంలో ఏదో సదస్సుకు వెళ్లారు. సదస్సులో ఏం జరిగిందో ఆయన ఇంతవరకూ చెప్పలేదు, మేమూ అడగలేదు. కానీ తిరుగు ప్రయాణంలో ఆయన్నెవరో కారెక్కించి, సముద్రం ఒడ్డున పోయే ఒక రోడ్డు మీద తిప్పారట. ఆ రోడ్డు ఒక దీవిలోంచి ఇంకో దీవిలోకి, అక్కణ్ణించి మరో దీవిలోకి పోతూనే ఉంటుందట. అటు నీళ్లు, ఇటు నీళ్లు, మధ్యలో మా డైరెక్టరుగారు. ఆ గాలి ఆయన తలకి పట్టేసింది. వచ్చిన మర్నాడే సిబ్బందినంతా కూర్చోబెట్టి, "మనకేం తక్కువ?" అని అడిగారు.

మా ఆఫీసులో ఫ్యాన్లు తక్కువ, కుర్చీలు తక్కువ, వేసవిలో మంచినీళ్లు మరీ తక్కువ. అయినా అది జవాబు కోసం వేసిన ప్రశ్న కాదని సర్వీసులో ఉన్న ఎవడికైనా తెలుస్తుంది. "ఏమీ తక్కువ లేదు సార్" అన్నాం.

సాయంత్రానికల్లా పథకానికి పేరు పెట్టేశారు. "సప్తద్వీప సాగర విహార యాత్ర". పేరు రాజధానికి వెళ్లింది, అక్కడివాళ్లకి నచ్చింది, మంజూరైపోయింది. ఆ తరవాత దీవులు వెతకమని నాకు చెప్పారు. పేరు ముందు పెట్టి బిడ్డను తరవాత కనడం మా శాఖలో మొదట్నుంచీ ఉన్న పద్ధతే కాబట్టి నేనేమీ కంగారు పడలేదు. నా పేరు ధర్మారావు. జిల్లా పర్యాటక కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటును. యాత్రికుడు ఎక్కడ కారెక్కాలి, ఎక్కడ టీ తాగాలి, ఎక్కడ ఆగి 'ఆహా' అనాలి, ఇవన్నీ ముందుగా ప్లాను వేసి పెట్టడం నా ఉద్యోగం.

గోదావరి సముద్రంలో కలిసే చోట దీవులకి కొదవ లేదు. మేం లంకలంటాం. ఏటిగట్టు మీది రోడ్డు పట్టుకుని వెళ్లి, కారుతో సహా పంటు ఎక్కాలి. పంటంటే మనుషుల్నీ, మోటారు సైకిళ్లనీ, గేదెల్నీ ఒకే గౌరవంతో ఏరు దాటించే పెద్ద పడవ. దిగిన లంకలో కొబ్బరితోటల మధ్యగా పోయి, మళ్లీ పంటు, మళ్లీ లంక, సరుగుడు తోటలు, మొగలిపొదలు, చిట్టచివర సముద్రం. నిజంగా చూడముచ్చటైన దారి. నాకే సరదా వేసి, కూర్చుని శ్రద్ధగా ప్లాను గీశాను. ఎటు తిప్పి గీసినా లంకలు ఆరే వచ్చాయి.

"ఆరేమిటయ్యా?" అన్నారు డైరెక్టరుగారు. "సప్త అని మంజూరైంది. ఆరు చూపిస్తే నిధులు దారి మళ్లించామంటారు."

నగరం నుంచి తెప్పించిన కన్సల్టెంటు రోహన్ తన కంప్యూటరు తెరిచాడు. "సార్, మ్యాప్‌లో ఏడోది ఉంది. మొగలిలంక. లొకేషన్ అద్భుతం. నాలుగు పక్కలా నీళ్లే!"

"పైన కూడా నీళ్లేనండి," అన్నాను నేను.

అందరూ నావైపు తిరిగారు. నేను చెప్పక తప్పలేదు. మొగలిలంక మా అత్తవారి ఊరు. నా పెళ్లికి ముందే ఏరు ఆ లంకని కోసుకుంటూ వచ్చి, ఒక వరదలో కాస్త, ఇంకో వరదలో కాస్త, మొత్తం మింగేసింది. ఊరివాళ్లంతా వచ్చి ఏటిగట్టు వారన పాకలు వేసుకున్నారు.

"మీ అత్తగారి ఊరు మీద మీ అభిప్రాయం మాకనవసరం," అన్నారు డైరెక్టరుగారు. "రికార్డు ఏమంటోంది?"

తాసీల్దారు వకుళాదేవిగారిని పిలిపించారు. ఆవిడ గొంతు సవరించుకుని, "సదరు మొగలిలంక గ్రామం రెవెన్యూ రికార్డుల ప్రకారం ఇళ్లు, కొబ్బరితోటలు, పాఠశాల, శ్మశానం సహితంగా యథాతథ స్థితిలో ఉంది," అన్నారు.

"ఏట్లో ఉందండి," అన్నాను.

"చూడండి ధర్మారావుగారూ, భూమి ఉందో లేదో చెప్పాల్సింది భూమి కాదు. రెవెన్యూ శాఖ."

ఆ మాట నాకు కొత్త కాదు. మా అత్తగారు అచ్చియ్యమ్మగారికి ఇదే ఆఫీసు నుంచి ఇదే మాట చాలాసార్లు వచ్చింది. ఊరు మునిగిపోయిన వాళ్లకి ప్రభుత్వం గట్టు వారన ఉన్న మెరకలో ఇల్లు కట్టిస్తుంది. అడిగితే, 'దరఖాస్తుదారు గ్రామం మునిగినట్లు రికార్డు లేనందున, దరఖాస్తుదారు తన స్వగృహమందే నివసించవచ్చును' అంటారు. స్వగృహం మీద పంట్లు తిరుగుతున్నాయి. మా ఇంటికొచ్చి ఉండమంటే ఆవిడ వినదు. "మీ గుమ్మంలో నేను ముగ్గెయ్యడం ఏంటి బాబూ? నాకో గుమ్మం ఉండాలి. పొద్దున్నే లేచి అక్కడ ముగ్గేసుకోవాలి. ఆ పైన దేవుడు నన్ను తీసుకుపోయినా పర్లేదు," అంటుంది. పాకకి గుమ్మం లేదు. ఒక గోనెపట్టా వేలాడుతూ ఉంటుంది, అంతే.

రికార్డు సరిపోయినా, పద్ధతి పద్ధతే కనక క్షేత్ర పరిశీలన చేద్దామన్నారు డైరెక్టరుగారు. అదే మా కొంప ముంచింది. ఎందుకంటే మొగలిలంక వాళ్ల సంగతి బయటివాళ్లకి తెలీదు.

ఆ ఊరు మునిగిందే గాని వాళ్ల బుర్రల్లోంచి పోలేదు. ఏట్లో ఎవరి చేను ఎక్కడుందో ఇప్పటికీ అందరికీ తెలుసు. ఎవడి చేను మీద వాడే వల వెయ్యాలి. పక్కవాడి చేలో వెయ్యాలంటే వెళ్లి అడగాలి. ఇళ్ల మీంచి పడవ పోనిచ్చేటప్పుడు కేకేసి చెప్తారు. అమ్మవారి గుడి మీంచైతే అసలు పోనివ్వరు, చుట్టూ తిప్పుకుని వెళ్తారు. చూసే వాడికి ఏటి నడుమ ఆ పడవలు ఎందుకలా వంకర తిరుగుతున్నాయో అర్థం కాదు.

మేం వెళ్లింది ఏరు ఎర్రబడి పులస చేపలు ఎదురెక్కే రోజుల్లో. అత్తగారు పాక బయట నులకమంచం వాల్చి, కొబ్బరిబొండాలు కొట్టించింది.

"మొగలిలంక మీదేనా అమ్మా?" అన్నారు డైరెక్టరుగారు.

"ఆయ్, మాదేనండి. పుట్టిందీ మెట్టిందీ అక్కడేనండి."

"ఇల్లు ఎలా ఉంటుంది?"

అత్తగారి మొహం విచ్చుకుంది. ఆ ఇంటి గురించి అడిగిన ఆఫీసరు ఇంతవరకూ ఒక్కడూ లేడు మరి. "తూరుపు ముఖం ఇల్లండి. గాలి బాగా వస్తాదండి. పెరట్లో ఇప్పుడు పులసలు పడతన్నాయండి."

"పెరట్లో పులసలు!" అని రోహన్ గబగబా టైపు చేసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఏట్లోంచి కేకలు వినబడ్డాయి. రెండు పడవల మీద నూకరాజు, వీరాస్వామి నిలబడి గొడవ పడుతున్నారు. ఊరున్నప్పుడు మొదలైన చేనిగట్టు తగాదా వాళ్లది.

"నా చేలో వలేస్తావేంట్రా? నీకు సిగ్గూ శరం ఉన్నాయా?"

"నీ చేనెక్కడిదిరా? కొబ్బరిచెట్టు దాకానే నీది!"

"ఆ చెట్టు ఇవతలే ఉన్నాను కదరా, కళ్లు కనపడవా?"

డైరెక్టరుగారు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. "ఆ మూడో పడవ చుట్టూ తిరిగి వెళ్తోందేం? అక్కడ అడ్డం ఏముంది?"

"గుడండి," అంది అత్తగారు.

"సార్, అది వాళ్ల అలవాటండి," అని నేను నోరు తెరిచాను. డైరెక్టరుగారు చెయ్యెత్తి నన్ను ఆపేశారు. మర్నాడు నా చేతే నివేదిక టైపు చేయించారు. 'సదరు ద్వీపమందు స్థానికులు వ్యవసాయ సరిహద్దు వివాదములను చురుగ్గా కొనసాగించుచున్నారు. ఆలయము కలదు. పెరటి మత్స్య సంపద విశేషము. జనావాసము నిర్ధారణ కావించడమైనది.' నీళ్లు కనబడ్డాయన్న చిన్న విషయాన్ని 'ద్వీపము ప్రస్తుతము లో-విజిబిలిటీ స్థితిలో ఉన్నది' అని సర్దారు.

ఇక అక్కణ్ణించి మొగలిలంక దశ తిరిగింది. యాత్ర ప్లానులో అది ఏడో మజిలీ. ఖాళీ డ్రమ్ములు ఏట్లో తేలేసి, వాటి మీద 'మొగలిలంకకు స్వాగతం' అని బోర్డు నిలబెట్టారు. పక్క డ్రమ్ము మీద 'నెమ్మదిగా వెళ్లుము, పాఠశాల కలదు' అని ఇంకోటి. రోహన్ దానికి 'నిశ్శబ్ద ద్వీపం' అని బిరుదిచ్చి రంగుల పుస్తకం అచ్చు వేయించాడు. 'రద్దీ లేదు, కాలుష్యం లేదు, దోమలు లేవు.' అందులో అబద్ధం ఒక్కటి లేదు.

వేరే శాఖలు ఊరుకుంటాయా? ఊళ్లో చెత్త కనబడలేదని స్వచ్ఛ గ్రామం అవార్డు ఇచ్చారు. బడి మానేసిన పిల్లలు లేరని విద్యాశాఖ ఇంకోటిచ్చింది. దొంగతనాలు లేవని పోలీసులు, మంటలు లేవని అగ్నిమాపక శాఖ పోటీపడి మెచ్చుకున్నాయి. బెల్టుషాపు లేని ఊరని ఒక సంఘం వాళ్లు సన్మానానికి వచ్చి, సర్పంచి కనబడక డ్రమ్ముకి శాలువా కప్పి వెళ్లారు. జిల్లాలో మిగతా ఊళ్ల పంచాయతీ కార్యదర్శులకి 'మొగలిలంకను చూసి నేర్చుకోండి' అని తాఖీదులు వెళ్లాయి. ఒకాయన పాపం నిజంగానే పడవెక్కి చూసొచ్చి, సెలవు పెట్టాడు.

ఇంతవరకూ నాకూ నవ్వులాటగానే ఉంది. ఆ తరవాత దారి మీద దృష్టి పడింది. ఏటిగట్టు మీది రోడ్డు నుంచే యాత్ర మొదలవ్వాలి. ఆ రోడ్డు వారన పాకలున్నాయి.

"దృశ్య సౌందర్యానికి భంగం," అన్నారు డైరెక్టరుగారు. "కారు దిగగానే యాత్రికుడికి గోనెపట్టాలు కనబడకూడదు."

"తీయించేద్దాం సార్," అన్నారు తాసీల్దారుగారు. "అవార్డులొచ్చిన సొంత ఊరు పెట్టుకుని గట్టు ఆక్రమించడం ఏం సబబు?"

ప్రారంభోత్సవంలో చూపించడానికి గ్రామస్థులు కావాలి కనక అందాకా గడువిచ్చారు. నోటీసు నేనే టైపు చేశాను. 'యాత్ర ప్రారంభోత్సవము ముగిసిన వెంటనే ఆక్రమణదారులు పాకలు తొలగించి, తమ స్వగ్రామమైన మొగలిలంకకు తరలిపోవలెను.' ఒక్క తప్పైనా దొర్లితే బాగుణ్ణనుకున్నాను. అయినా తప్పుల్లేకుండానే వచ్చింది, అదే నా బాధ.

ఇంటికెళ్తే మా ఆవిడ భాగ్యవతి గుమ్మంలోనే నిలబడి ఉంది. వార్త నాకంటే ముందే ఇంటికి చేరింది.

"ఏవండీ, మా అమ్మని ఏట్లోకి పొమ్మని రాసింది మీరేనటగా?"

"నేను టైపు చేశానంతే."

"చాలా గొప్పగా ఉందండీ! ఇన్నాళ్లూ ఊరు మునిగిందని ఒక్క కాగితం ఇప్పించలేకపోయారు గాని, ముంచే కాగితం మాత్రం చక్కగా కొట్టారు!"

మర్నాడు పాక దగ్గరికి వెళ్లాను. అత్తగారు మాత్రం నన్నొక్క మాట అనలేదు. "పెద్దోళ్లు మా ఊరొస్తన్నారంట కదా బాబూ. వచ్చినోళ్లకి మర్యాద జరగాలి. ఆ తరవాత సంగతి తరవాత," అంది. అంతే.

ప్రారంభోత్సవానికి రాజధాని నుంచి పర్యాటక శాఖ కార్యదర్శిగారు దిగారు. ఆరు లంకలూ బ్రహ్మాండంగా జరిగాయి. దారిపొడుగునా ఆయన కారు అద్దం దించి, "బాగుంది, బాగుంది" అంటూనే ఉన్నారు. నా ప్లాను ప్రకారం సరిగ్గా అనుకున్న చోటే 'ఆహా' కూడా అన్నారు. చివరికి పంటు ఏట్లోకి వచ్చి, స్వాగతం బోర్డు పక్కన ఆగింది. సన్నాయి వాళ్లు అందుకున్నారు. చుట్టూ మొగలిలంక వాళ్ల పడవలు, ఎవరిల్లెక్కడో అక్కడే వరసగా. మధ్యలో ఒక పడవ మీద కొత్త చీర కట్టుకుని, హారతి పళ్లెం పట్టుకుని మా అత్తగారు.

కార్యదర్శిగారు నాలుగు పక్కలా చూశారు. "ఊరేదీ?"

"ఇదే సార్," అన్నారు డైరెక్టరుగారు. "కొంచెం లో-విజిబిలిటీ."

కార్యదర్శిగారు చేతిలో కాగితం చూసుకున్నారు. అందులో 'మొగలిలంకలో అడుగిడుట, గ్రామస్థులతో ముఖాముఖి' అని ఉంది. అచ్చయిన కార్యక్రమం ఆపే అధికారం ఆయనకి కూడా లేదు.

"దిగండి బాబూ," అంది అత్తగారు ఎంతో ఆప్యాయంగా. "ఇదే మా గుమ్మం. ఇంటికి పెద్దోరొస్తే ముందు కాళ్లకి నీళ్లిస్తామండి మేము. ఇక్కడ ఆ పని కూడా లేదు."

ఆవిడ వేళాకోళం ఆడలేదు. ఆవిడకి వేళాకోళం రాదు.

కార్యదర్శిగారు డైరెక్టరుగారిని చూశారు. "పథకం మీది. ముందు మీరు దిగి దారి చూపండి."

డైరెక్టరుగారు తాసీల్దారుగారివైపు తిరిగారు. "భూమి రెవెన్యూ వారిది కదా."

"హద్దులు చూపించడం వరకే మా పరిధి సార్. దిగడం పర్యాటకం కిందికొస్తుంది," అన్నారావిడ.

"దిగడం నా కాంట్రాక్టులో లేదు సార్," అన్నాడు రోహన్, ఎవరూ అడక్కముందే.

అందరి చూపులూ ఒకరి మీంచి ఒకరికి జారుకుంటూ వచ్చి నా దగ్గర ఆగాయి. నా తరవాత సన్నాయి వాడే, వాడు ప్రభుత్వోద్యోగి కాదు.

"ధర్మారావ్," అన్నారు డైరెక్టరుగారు, "దిగు."

నాకు ఈత రాదు. కానీ రికార్డు ప్రకారం అక్కడ నేల ఉంది. ఉందని నివేదిక టైపు చేసిన వేళ్లు ఇవే. చెప్పులు విప్పి పంటు అంచు మీదికొచ్చాను.

"అల్లుడుగారూ, కుడికాలు! కుడికాలు ముందెట్టండి!" అని అరిచింది అత్తగారు. పెళ్లయి ఇన్నేళ్లయినా నేను అత్తారిల్లు తొక్కింది లేదు. తొక్కడానికి ఇల్లేదీ? ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను కుడికాలే పెట్టాను.

ఆ తరవాత కాసేపు నాకేమీ కనబడలేదు. ఎర్రటి నీళ్లు ముక్కులోకీ, నోట్లోకీ పోయాయి. అరుద్దామంటే నోరు ఖాళీ లేదు, నిలబడదామంటే కింద ఏమీ లేదు. ఇంతలో రెండు పక్కల నుంచీ రెండు వలలు వచ్చి నా మీద పడ్డాయి. నూకరాజు ఒకటి, వీరాస్వామి ఒకటి. ఇద్దరూ లాగారు. తల నీళ్లపైకొచ్చి ఊపిరి పీల్చుకున్నానో లేదో, ఇద్దరూ లాగడం ఆపేసి మొదలెట్టారు.

"ఒదులు! నా చేలో పడ్డాడు!"

"నీ చేనేంట్రా? కొబ్బరిచెట్టుకి ఇవతల పడ్డాడు, నావాడు!"

"ఒరేయ్, ముందు బయటికి తియ్యండ్రా! ఆయన మా గుమ్మంలో పడ్డాడు!" అని అత్తగారు తీర్పు చెప్తే అప్పుడు పైకి తీశారు. పంటు మీద పడేసరికి నాతో పాటు వలలో ఒక పులస కూడా ఉంది. రోహన్ దాని ఫోటో తీశాడు.

సన్నాయి ఆగిపోయింది. కార్యదర్శిగారి మొహం ఎర్రబడింది, డైరెక్టరుగారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. గుమ్మం ముందుకొచ్చిన పెద్దమనుషులు అలా తల దించుకు నిలబడటం అత్తగారు చూడలేకపోయింది.

"మీరేం అనుకోకండి బాబూ," అంది. "ఏటి నీరు ఇంట్లోకొచ్చేసిందండి. లేకపోతే ఇలా గుమ్మంలోంచి పంపేస్తామా? నీరు తగ్గాక తీరిగ్గా రండి. భోంచేసి ఎల్దురుగాని."

తాసీల్దారుగారు ఉలిక్కిపడి తలెత్తారు. "వరద సార్!"

"ఏమిటీ?"

"ద్వీపం ఉంది సార్. ద్వీపంలో వరద ఉంది. రికార్డుకీ భంగం లేదు, నీళ్లకీ భంగం లేదు."

డైరెక్టరుగారికి ఊపిరి వచ్చింది. "అదే సార్ నేను చెప్పబోతున్నాను. సదరు ద్వీపము తాత్కాలిక వరద ముంపునకు గురై ఉన్నది."

కార్యదర్శిగారు ఏటివైపూ, కాగితంవైపూ చూసి, తల పంకించారు. "సప్తద్వీపాలకీ ఢోకా లేదన్నమాట."

నేను ఇంకా వలలోనే ఉన్నాను. దగ్గుతూనే లేచి కూర్చున్నాను. మళ్లీ ఇలాంటి సందు దొరకదని నాకు తెలుసు. "సార్, వరదొచ్చిన ఊరివాళ్లని ఎత్తైన చోట పెట్టి ఇళ్లు చూపించాలని రూలుందండి. నీరు తగ్గేదాకా. మధ్యలో పంపెయ్యకూడదండి."

"ఉందా?" అన్నారు కార్యదర్శిగారు.

"ఉంది సార్," అన్నారు తాసీల్దారుగారు. పాపం, ఆవిడ రికార్డు దగ్గర అబద్ధమాడదు.

"ఎత్తైన చోటంటే?"

"గట్టు వారన మెరకే సార్. ఇప్పుడు పాకలున్నది అక్కడే."

"యాత్రికులకి కనబడే చోటు," అన్నారు కార్యదర్శిగారు ఆలోచించి. "గోనెపట్టాలు వద్దు. ఎర్రపెంకు వేసి, అరుగులు పెట్టి, అందంగా కట్టించండి."

ఇళ్లయిపోయాయి. తలుపులూ, అరుగులూ, ఎర్రపెంకులూ పెట్టి ఒకే వరసలో కట్టారు. కార్లలో వచ్చేవాళ్లు యాత్ర మొదట్లో ముందు వీటి దగ్గరే ఆగి ఫోటోలు తీసుకుంటున్నారు. బోర్డు మీద 'తాత్కాలిక వరద సహాయ శిబిరము, మొగలిలంక' అని ఉంటుంది. మునిగిందని ఒప్పుకోలేక ఇవ్వని ఇల్లు, తడిసిందని ఒప్పుకుని ఇచ్చారు. నూకరాజుకీ వీరాస్వామికీ పక్కపక్క ఇళ్లొచ్చాయి. మధ్యలో గోడ ఎవరిదని అప్పుడే మొదలైంది.

శిబిరం కొనసాగాలంటే నీటిమట్టం మీద నివేదిక వెళ్తూ ఉండాలి. ఆ పని నాకు అప్పజెప్పారు. పొద్దున్నే గట్టు మీదికెళ్లి ఏటివైపు చూస్తాను. ఆఫీసుకొచ్చి 'మొగలిలంకలో నీరు తగ్గలేదు' అని పంపుతాను. నా సర్వీసులో నేను పంపిన మొదటి నిజం అదే. రిటైరయ్యేదాకా అదే పంపుతానని ధైర్యంగా ఉంది.

వెళ్లేసరికి మా అత్తగారు కొత్త గుమ్మం ముందు కూర్చుని ముగ్గేస్తూ ఉంటుంది. చూస్తే నాకు కడుపు నిండినట్టుంటుంది. నన్ను చూసి చెయ్యి ఆపి, తలెత్తుతుంది.

"తగ్గిందా బాబూ?"

మొదట్లో నవ్వులాటకి అడుగుతోందనుకున్నాను. ఆవిడకి వేళాకోళం రాదని మళ్లీ గుర్తొచ్చింది.

"ఇంకా లేదత్తయ్యగారూ."

"సరేలెండి," అంటుంది ముగ్గుపిండి మళ్లీ చేతిలోకి తీసుకుంటూ. "తగ్గిన రోజు మాత్రం నాకు ముందుగా చెప్పాలి. గుమ్మం కడుక్కోవాలి కదా."